తుంటి ఆపరేషన్ తరువాత అమ్మ తన ఇంట్లో ఒక్కతే ఉండగలిగేలా మేము చేసుకున్న ఏర్పాట్లు

మా అమ్మకు ఇప్పుడు 81 ఏళ్ళు. తపాలా శాఖలో పనిచేసి రిటైరైన నాన్న పోయినప్పటి నుంచి రాజమహేంద్రవరంలో, ఇన్నీసుపేటలోని మా పాత డాబా ఇంట్లో ఒక్కతే ఉంటోంది. కిందటి ఏడాది వానాకాలంలో పెరటి గచ్చు మీద జారిపడడంతో కుడి తుంటి ఎముక విరిగింది. విరిగిన బంతి భాగాన్ని తీసేసి లోహపు బంతిని అమర్చే ఆపరేషన్ చేశారు, మర్నాడే వాకరు పట్టించి నాలుగడుగులు వేయించారు. ఆసుపత్రిలో ఉన్నంతకాలం మాకు చెప్పుకోదగ్గ ఇబ్బందేమీ కలగలేదు. అసలు పని డిశ్చార్జి కాగితం చేతికి వచ్చాక మొదలైంది. కింద కూర్చోకూడదని, బాసింపట్టు వేయకూడదని, కాలు మీద కాలు వేసుకోకూడదని, నడుం బాగా వంచి నేల మీది వస్తువులు తీయకూడదని ఆ కాగితంలో రాసి ఉంది. కత్తిపీట ముందు కూర్చుని కూర తరగడం దగ్గర నుంచి పీట మీద కూర్చుని పూజ చేసుకోవడం దాకా, అమ్మ రోజంతా చేసే పనుల్లో సగానికి పైగా నేల మీదే జరిగేవి.

అన్నయ్య న్యూజెర్సీలో ఉంటాడు, నేను హైదరాబాదులో ఉంటాను. అమ్మ నాతో వచ్చేయాలని నేను, నర్సులు, భోజనం అన్నీ ఉండే మంచి వృద్ధాశ్రమమైతే నిశ్చింతగా ఉంటుందని అన్నయ్య, ఆసుపత్రి వరండాలో ఫోనులో చాలాసేపు వాదించుకున్నాం. లోపల మంచం మీద నుంచి అంతా విన్న అమ్మ, "విరిగింది కాలు కదర్రా, ఇల్లు కాదు కదా" అని ఆ చర్చకు అక్కడితో ముగింపు పలికింది. హైదరాబాదులో మాది ఏడో అంతస్తులో ఫ్లాటు. పగలంతా నేను ఆఫీసులో ఉంటాను కనుక అక్కడ కూడా ఆమె ఒంటరిగానే ఉండాలి, పైగా పలకరించే మనిషి ఒక్కరూ ఉండరు. ఆ సంగతి నాకూ తెలుసు కాబట్టి, మరి మాట్లాడకుండా ఇంటి నుంచి పనిచేయడానికి అనుమతి తీసుకుని రాజమండ్రిలో దిగిపోయాను.

ఇంటికి వచ్చి వ్యాయామాలు చేయించడానికి కుదిరిన ఫిజియోథెరపిస్టు మొదటి రోజు అమ్మ కాలు ముట్టుకోనేలేదు. పొద్దున్న లేచింది మొదలు రాత్రి పడుకునే వరకు ఏమేం చేసేవారో చెప్పమని అడిగి, ఆమె చెప్పినదంతా రాసుకున్నాడు. తరువాత నాకు రెండు పట్టికలు చూపించాడు. మొదటిది 1963లో కాట్జ్ అనే అమెరికా వైద్యుడు తయారుచేసినది. స్నానం, బట్టలు కట్టుకోవడం, మరుగుదొడ్డికి వెళ్ళిరావడం, మంచం మీద నుంచి కుర్చీలోకి మారడం, మలమూత్రాల మీద అదుపు, తినడం అనే ఆరు పనుల్లో ఎన్నింటిని మనిషి తనంతట తాను చేసుకోగలదో అందులో చూస్తారు. తుంటి ఎముక విరిగిన వృద్ధులు ఎలా కోలుకుంటున్నారో గమనిస్తూ పోవడం వల్లనే ఆ పట్టిక రూపుదిద్దుకున్నదట. రెండోది లాటన్, బ్రోడీ అనే ఇద్దరు 1969లో వేసినది. ఫోను వాడకం, కొనుగోళ్ళు, వంట, ఇల్లు చక్కబెట్టుకోవడం, బట్టలు ఉతుక్కోవడం, ప్రయాణం, వేళకు మందులు, డబ్బు లెక్కలు అని ఇందులో ఎనిమిది ఉన్నాయి. అమ్మ చెప్పినవాటిలో ముగ్గు పెట్టుకోవడం, గడపకు పసుపు రాయడం, వేసవిలో మేడ మీద వడియాలు ఎండబెట్టడం ఈ రెండింటిలోనూ లేవు. వాటిని అతను కింద తెలుగులో చేర్చి, ఒక్కొక్క దాని ఎదుట "తనే", "సాయంతో", "వేరేవాళ్ళు" అని మూడు గళ్ళు గీశాడు. ఇల్లు మార్చే పనంతా ఆ కాగితం ప్రకారమే నడిచింది. ఏ పనినైనా చివరి గడిలోకి నెట్టే ముందు నడిమి గడిలో నిలబెట్టగలమా అని చూడడమే మా పద్ధతి.

అన్నింటికంటే ఎక్కువ డబ్బు, ఎక్కువ గొడవ స్నానాల గది దగ్గరే అయ్యాయి. పాత ఇల్లు కావడంతో మరుగుదొడ్డి పెరట్లో, రెండు మెట్లు దిగి వెళ్ళేచోట ఉండేది. ఇంటి వెనక సామాన్ల గదినే స్నానాల గదిగా మార్చి కమోడు పెట్టించాం. మామూలు కమోడు మా అమ్మ మోకాలి కంటే తక్కువ ఎత్తు ఉండడంతో సర్జికల్ షాపులో దొరికే ఎత్తు సీటు దాని మీద బిగించాం. గోడకు పట్టుకునే కడ్డీల విషయంలో మాత్రం మేస్త్రీతో నాకు పేచీ వచ్చింది. టవల్ రాడ్డునే కాస్త లావుది తెచ్చి చిన్న స్క్రూలతో బిగించేస్తే సరిపోతుందని అతని వాదన. మనిషి తూలినప్పుడు ఒంటి బరువంతా ఆ కడ్డీ మీదే పడుతుంది కనుక, టైలుకు కాకుండా లోపలి ఇటుకలోకి దిగేలా యాంకర్ బోల్టులు వేసి తీరాలని ఫిజియోథెరపిస్టు గట్టిగా చెప్పి ఉన్నాడు. బిగించిన తరువాత మేస్త్రీనే రెండు చేతులతో పట్టుకుని వేళ్ళాడమన్నాను. అతను నవ్వుతూనే వేళ్ళాడాడు, కడ్డీ కదల్లేదు.

కడ్డీ ఎక్కడ ఉండాలో కొలతల పుస్తకం చూసి నిర్ణయించలేదు. అమ్మను సీటు మీద కూర్చోబెట్టి, లేవబోయేటప్పుడు చెయ్యి తనకు తానుగా గోడ మీద ఎక్కడికి వెళుతుందో చూసి, అక్కడ సుద్దముక్కతో గీత గీసుకున్నాం. నేను ఊహించిన చోటుకు ఆ గీత జానెడు ముందుకు పడింది. నేలకు జారని గరుకు టైల్సు వేయించాం. నీళ్ళ బకెట్టును నేల మీద కాకుండా ముక్కాలిపీట మీద ఉంచి, పక్కన రంధ్రాలున్న ప్లాస్టిక్ కుర్చీ వేశాం. కూర్చుని చెంబుతో పోసుకోవడం అలవాటైన మనిషికి షవరు కింద నిలబడమని చెప్పడం కంటే బకెట్టును పైకి లేపడం తేలిక.

గడప సంగతి వేరు. వీధి గుమ్మానికి టేకు గడప ఉంది. నాన్న గృహప్రవేశం నాడు పెట్టించినది, ప్రతి శుక్రవారం అమ్మ పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టేది. వాకరు కాళ్ళు దానికే తగులుకుంటున్నాయి. వడ్రంగి తీసేద్దామంటే అమ్మ అతని వైపు చూసిన చూపుకు అతనే వెనక్కి తగ్గాడు. చివరకు గడపను అలాగే ఉంచి, దానికి లోపల, బయట రెండు వైపులా వాలుగా చెక్కలు బిగించి, వాటి మీద గరుకు పట్టీ అంటించాడు. లోపలి గదుల గడపలు రెండింటిని మాత్రం తీయనిచ్చింది. వాటికి పసుపు రాసేది కాదు కాబట్టి కాబోలు.

వంటింట్లో గట్టు దగ్గర నిలబడి వండడం అలవాటే కనుక పొయ్యితో బాధ లేదు. ఎక్కువసేపు నిలబడలేదని వెనక్కి ఆనుకునే ఎత్తు కుర్చీ ఒకటి వేయించాం. కత్తిపీట దగ్గర చిక్కు వచ్చింది. చాకుతో తరగమంటే ముక్కలు సమానంగా రావట్లేదని విసుక్కునేది, బెండకాయలు తరగడం మానేసింది. ఒకనాడు గడప పనికి వచ్చిన వడ్రంగే ఆ కత్తిపీటను చూసి, చెక్క పీటతో సహా బల్ల అంచుకు రెండు మరలతో బిగించి, వాడనప్పుడు తొడగడానికి చెక్క ఒర కూడా చేసి ఇచ్చాడు. ఇప్పుడు కుర్చీలో కూర్చుని తరుగుతుంది. కింది అరల్లోని జాడీలు, పప్పు డబ్బాలు నడుము ఎత్తుకు వచ్చాయి, ఏడాదికోసారి వాడే ఇత్తడి సామాను కింది అరల్లోకి పోయింది. దేవుడి పటాలను కూడా గోడకు ఎత్తుగా కొట్టిన అర మీదకు మార్చి ఎదురుగా కుర్చీ వేశాం. దేవుడి ఎదుట కుర్చీలో కూర్చోవడమేమిటని కొన్నాళ్ళు గొణిగింది. పురోహితుడు వచ్చి పరవాలేదన్నాక ఊరుకుంది. రెండు పూటలా క్యారేజీ తెప్పిద్దామని అన్నయ్య చేసిన సూచనను ఒంట్లో బాగాలేని రోజులకు మాత్రమే అంగీకరించింది.

ఇల్లు ఎంత సరిచేసినా, మనిషి ఎందుకు పడిందో తేల్చుకోకపోతే మళ్ళీ పడుతుంది. అమ్మ పడిన రోజు గచ్చు తడిగా ఉన్న మాట నిజమే. కానీ అంతకు కొంతకాలం ముందు నుంచే మంచం మీద నుంచి లేవగానే కళ్ళు తిరుగుతున్నాయని పక్కింటి పిన్నిగారితో అంటుండేదట, మాకు మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. డాక్టరు పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డాక ఒకసారి రక్తపోటు చూస్తే నిలబడినప్పుడు బాగా పడిపోతున్నదని బయటపడింది. బీపీ మాత్ర మోతాదు తగ్గించి, మూత్రం ఎక్కువ పోయేట్లు చేసే మాత్రను సాయంత్రం నుంచి పొద్దుటికి మార్చారు, దాంతో రాత్రిళ్ళు బాత్రూముకు లేవడం తగ్గింది. ఎముకల సాంద్రత పరీక్ష చేయించి దానికి మందు మొదలుపెట్టారు. వాయిదా వేస్తూ వచ్చిన ఎడమ కంటి శుక్లం ఆపరేషన్ కూడా ఆ తరువాత జరిగిపోయింది. హవాయి చెప్పుల స్థానంలో మడమకు పట్టీ ఉన్న చెప్పులు వచ్చాయి. మంచం నుంచి స్నానాల గది దాకా రాత్రంతా వెలిగే చిన్న బల్బులు పెట్టించాం.

పడినప్పుడు అమ్మను ఎక్కువగా బాధించినది నొప్పి కాదు, ఎవరినీ పిలవలేకపోవడం. ఫోను గూట్లో ఉంది, తలుపుకు లోపల గడియ పెట్టి ఉంది, పిన్నిగారు కేక విని వచ్చినా తలుపు పగలగొట్టాల్సి వచ్చింది. అందుకని గడియ తీసేయించి, బయటి నుంచి కూడా తాళంచెవితో తెరుచుకునే తాళం పెట్టించాం. ఒక తాళంచెవి పిన్నిగారి దగ్గర ఉంటుంది. దొంగల భయంతో గడియ తీయడానికి అమ్మ మొదట ఒప్పుకోలేదు, వరండా గ్రిల్లుకు వేరే తాళం వేయించాకనే దిగివచ్చింది. మీటల ఫోను కొని, పాత జాకెట్టు గుడ్డతో తనే సంచి కుట్టుకుని మెడలో వేసుకుంటుంది. ఒకటో అంకె నొక్కి పట్టుకుంటే పిన్నిగారికి, రెండైతే ఆటో అతనికి, మూడైతే నాకు పోతుంది. తన పేరు నాలుగో అంకెకు కూడా లేదని అన్నయ్య నొచ్చుకుంటే, "అర్ధరాత్రి పడితే నువ్వేం చేస్తావురా, అక్కడ నీకు మధ్యాహ్నం" అంది.

కెమెరా విషయంలో ఇప్పటికీ మాకు ఏకాభిప్రాయం లేదు. హాల్లో, వంటింట్లో కెమెరాలు పెట్టించి ఫోనులో చూసుకుంటానని అన్నయ్య పట్టుబట్టాడు. "నేనేమైనా కొట్టా, దుకాణమా" అని అమ్మ ససేమిరా అంది. నేను అమ్మ పక్షమే వహించాను. పడ్డ మనిషిని కెమెరా లేవదీయదు. దాన్ని చూసే మనిషి పదివేల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంటే, చివరకు ఫోను వచ్చేది పిన్నిగారికే. అంతకంటే పొద్దున్నే తులసికోట దగ్గర దీపం కనిపించకపోతే పిన్నిగారు గోడ మీద నుంచి పిలవడం, రాత్రి పడుకోబోయే ముందు నేను ఫోను చేయడం మేలని నిర్ణయించుకున్నాం. ఏర్పాటు చేసే ప్రతిసారీ అది అమ్మ సుఖం కోసమా, మన మనశ్శాంతి కోసమా అని వేరుచేసి చూడాల్సి వచ్చింది. రెండోది అనవసరమని అనను, కానీ దాని ఖర్చు అమ్మ మీద వేయకూడదు.

మనిషి సాయం కుదుర్చుకోవడం అంత సులువుగా జరగలేదు. మొదట ఒక హోమ్ నర్సింగ్ సంస్థ ద్వారా ఇరవైనాలుగు గంటలూ ఉండే అమ్మాయిని పెట్టుకున్నాం. వారం వారం మనిషిని మార్చేవారు, వచ్చినవారు అమ్మను కుర్చీలోంచి లేవనిచ్చేవారు కాదు, మంచినీళ్ళు కూడా చేతికే అందించేవారు. వాళ్ళ తప్పేమీ లేదు, పడితే మాట వస్తుందని వాళ్ళ భయం. కానీ అలా కూర్చోబెట్టిన కొద్ది రోజుల్లోనే అమ్మ నడక వెనక్కి పోయిందని ఫిజియోథెరపిస్టు తేల్చేశాడు. ఏళ్ళుగా మా ఇంట్లో అంట్లు తోమే ఆమెనే జీతం పెంచి, ఉదయం మూడు గంటలు, సాయంత్రం ఒక గంట ఉండమని అడిగాం. ఏ పని తనది, ఏ పని అమ్మది అనే విషయం ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు. తడి బట్టలు పిండి ఇస్తుంది, నడుము ఎత్తున కట్టిన తీగ మీద అమ్మ ఆరేసుకుంటుంది.

డబ్బు వ్యవహారం అమ్మ ఎన్నడూ ఎవరికీ అప్పగించలేదు. ఫ్యామిలీ పెన్షన్ ఆగకుండా ఉండాలంటే పెన్షన్ తీసుకునే మనిషి బతికే ఉన్నట్టు చూపే జీవన ప్రమాణ పత్రం ఏటా ఇవ్వాలి. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లు మామూలుగా నవంబరులో ఇస్తారు, 80 ఏళ్ళు నిండినవారు అక్టోబరు 1 నుంచే ఇవ్వవచ్చు. పోస్టుమ్యానే ఇంటికి వచ్చి 70 రూపాయల రుసుముతో ఆ పని చేసిపెడతాడు. మా ఇంటికి వచ్చినతను వేలిముద్ర యంత్రం మీద అమ్మ వేళ్ళన్నీ ఒకదాని తరువాత ఒకటి పెట్టించాడు, ఏదీ పడలేదు. అన్నేళ్ళు అంట్లు తోమి, పప్పు రుబ్బిన వేళ్ళ మీద గీతలేం మిగులుతాయి? అప్పుడు కిటికీ దగ్గర వెలుతురులో కూర్చోబెట్టి ఫోనుతో ముఖం చూపించి ధ్రువీకరణ చేశాడు. కళ్ళు ఆర్పమంటే అమ్మ గట్టిగా మూసుకుని కూర్చోవడంతో మళ్ళీ చేయాల్సి వచ్చింది.

70 ఏళ్ళు దాటినవారికి నగదు ఇవ్వడం, తీసుకోవడం వంటి సేవలను ఇంటి వద్దే అందించాలని రిజర్వు బ్యాంకు 2017 నవంబరులోనే బ్యాంకులకు చెప్పింది. మా బ్యాంకు శాఖలో అడిగితే మొదట అలాంటిదేమీ లేదన్నారు, ఆ ఉత్తర్వు ప్రతి చూపించాక దరఖాస్తు తీసుకున్నారు. తీరా అంతా సిద్ధమయ్యాక అమ్మ వద్దంది. నెలకోసారి బ్యాంకుకు వెళ్ళడం, అక్కడ నాన్నతో పనిచేసినవారి భార్యలు ఒకరిద్దరు కలవడం, వచ్చేటప్పుడు కూరల మార్కెట్టు దగ్గర ఆటో ఆపడం తనకు కావాలంది. ఆ మాట విన్న తరువాత నేను మిగతా ఏర్పాట్లను కూడా మరో కన్నుతో చూశాను. మందులు, పాలు, సరుకులు, కూరలు, బ్యాంకు, పెన్షన్ అన్నీ గుమ్మంలోకే వచ్చేస్తే, గుమ్మం దాటడానికి కారణమంటూ మిగలదు. కాలు బాగుపడ్డ మనిషి అయినా ఇంట్లోనే ఉండిపోతుంది. అందుకని సరుకులు, గ్యాసు వంటి బరువులు ఇంటికి తెప్పించుకోవడం, కూరలు, బ్యాంకు, గుడి అమ్మకే వదిలేయడం అని పంచుకున్నాం. తెలిసిన ఆటో అతను అరుగు దాకా తెచ్చి ఆపుతాడు. ఆటో ఎక్కేందుకు ఒక చిన్న చెక్క పీట సీటు కింద పెట్టుకుని తిరుగుతున్నాడు.

మా పనమ్మాయి అత్తగారికి రాష్ట్ర ప్రభుత్వ వృద్ధాప్య పెన్షన్ వస్తుంది. 2024 జూలై నుంచి 4,000 రూపాయలైన ఆ పెన్షన్‌ను నెల మొదటి రోజున వార్డు సచివాలయం ఉద్యోగి ఇంటికి తెచ్చి ఇస్తారు. వాకర్లు, చేతికర్రలు, వినికిడి యంత్రాలు పేద వృద్ధులకు ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే ప్రారంభమైంది. ఎవరైనా 14567 నంబరుకు ఫోను చేసి వృద్ధులకు సంబంధించిన సలహా అడగవచ్చు. 70 దాటినవారందరికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా అయిదు లక్షల రూపాయల వరకు వైద్యం అందించే ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరులో మొదలైంది. ఇవన్నీ మంచివే. కానీ ఇంటికి వచ్చి, గడప ఎత్తు చూసి, ఈ గోడకు ఇక్కడ కడ్డీ వేయండి అని చెప్పే మనిషిని పంపే ఏర్పాటు నాకు వీటిలో ఎక్కడా కనబడలేదు. లక్షల ఖర్చుతో అమర్చిన లోహపు బంతి మళ్ళీ దెబ్బతినకుండా ఉండేది ఆ కడ్డీ వల్లనే. మాకు మంచి ఫిజియోథెరపిస్టు దొరికాడు, ఖర్చు భరించగలిగాం. పనమ్మాయి అత్తగారు వాళ్ళ ఇంటి వెనక మరుగుదొడ్డికి మొన్నమొన్నటి దాకా గోడ పట్టుకునే వెళ్ళేది. మా ఇంట్లో మిగిలిన కడ్డీ ఒకటి మేస్త్రీ చేత అక్కడ బిగింపించాం.

ముగ్గు మాత్రం "తనే" గడిలోకి మళ్ళీ రాలేదు, రాదు కూడా. కొన్నాళ్ళు వాకిలి వైపు చూడ్డమే మానేసింది. పండుగ నెల పట్టిన తరువాత ఒక పొద్దున్న పనమ్మాయి తనకు తోచిన నాలుగు గీతలు గీసి పోతుంటే అమ్మ కర్ర సాయంతో వాకిట్లోకి వచ్చి, చుక్కలు ఎన్నో చెప్పి, వరస తప్పినచోట కర్ర కొసతో చూపించి మొత్తం చెరిపించి మళ్ళీ వేయించింది. అప్పటి నుంచి రోజూ అదే వరస. పనమ్మాయికి పని పెరిగింది, కానీ ఆ అమ్మాయి ఇప్పుడు పదిహేను చుక్కల తామరపువ్వు ఎవరి సాయం లేకుండా వేస్తోంది.

వాకరు మూలకు చేరింది. వీధిలోకి వెళ్ళేటప్పుడు నాలుగు కాళ్ళ కర్ర పట్టుకుంటుంది, ఇంట్లో అది కూడా లేకుండానే తిరుగుతుంది. మేడ మెట్లు ఎక్కడానికి ఫిజియోథెరపిస్టు ఇంకా ఒప్పుకోలేదు. మెట్లకు ఒక పక్కనే గోడ ఉంది, రెండో పక్క ఇనుప రెయిలింగు పెట్టించాలని చెప్పాడు. వెల్డింగు షాపతను కొలతలు తీసుకుని వెళ్ళాడు. వడియాల పిండి పైకి మోసేది పనమ్మాయి, గుడ్డ మీద పెట్టేది తాను అని అమ్మ అప్పుడే పనులు పంచేసింది.